శీలావతికి చెరువు గట్టున పురుడు

దెందులూరు దిగువన కొల్లేటి అంచు వెంట ఏ చెరువులో వల లాగినా శీలావతి, బొచ్చె పడతాయి. డెబ్బై ఏళ్ల కిందట ఇది ఊహకైనా అందని సంగతి. చెరువులో ఈ చేపలు కండపట్టి పెరిగేవి, కడుపు నిండా గుడ్లు మోసేవి. నిలవ నీటిలో మాత్రం ఒక్క గుడ్డు విడిచేవి కావు. ఏటికి వరద రావాలి, కొత్తనీరు పారాలి. అప్పుడే పిల్ల.

దెందులూరు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, అదే రాజధాని మరో కొసన నీలగిరుల్లో చేపపిల్లల పెంపకం మొదలైంది. చల్లని వాగుల్లో గాలం వేటకు ట్రౌట్ చేప కావాలని తెల్లదొరలు తహతహలాడారు. 1863లో ఫ్రాన్సిస్ డే చేసిన ప్రయత్నం ఫలించలేదు. 1907లో హెచ్.సి. విల్సన్ అవలాంచి దగ్గర హేచరీ పెట్టి, పిల్లలను కొండవాగుల్లో వదిలించాడు. ట్రౌట్‌తో ఒక వెసులుబాటు ఉంది. పక్వానికొచ్చిన తల్లి పొట్ట మెల్లగా నొక్కితే గుడ్లు జారతాయి. వాటిలో పోతుచేప పాలు కలిపితే చాలు. చెరువులోని శీలావతికి ఈ విద్య పనిచేయలేదు. గుడ్డు చివరి పక్వానికి రావాలంటే ఒంట్లో ఊరాల్సిన రసం, పారే నీరు తగలనిదే ఊరదు.

అందుకే చేపల పెంపకందార్లు నది మీద ఆధారపడ్డారు. వరదకాలంలో ఒడ్డున సన్నకన్ను వలలు కట్టి, నలుసంత పిల్లలను పట్టేవారు. అందులో ఏది బొచ్చె, ఏది వాలుగ అని తేల్చడం అసాధ్యం. మంచి పిల్లలతోపాటు వాటిని మింగే పిల్లలూ చెరువులోకి చేరేవి. వరద తక్కువైన ఏడు విత్తనమూ తక్కువే.

ఆ ముడి విప్పినవాడు మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి. బ్రెజిల్‌లో 1930లలోనే చేపలకు పీయూష గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించారు. ఆ దారి పట్టి, 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో మన పెద్దజాతి గండుచేపలతో ఆయన ఆ పని చేయించాడు. చచ్చిన చేప మెదడు అడుగునుండే ఆవగింజంత గ్రంథిని తీసి, నూరి, ఆ రసాన్ని తల్లిచేపకు సూదిమందుగా ఇచ్చారు. ఆడదానికి ఆరు గంటల తేడాతో రెండు మోతాదులు, మగవాటికి ఒకటి. వాటిని హాపా అనే గుడ్డతొట్టిలో వదిలితే కొన్ని గంటల్లోనే గుడ్లు పెట్టాయి. వరద చేసే పనిని ఒక సూది చేసింది. జులై 10 ఇప్పుడు జాతీయ చేపల రైతు దినోత్సవం.

తర్వాత చైనా పద్ధతి గుండ్రని సిమెంటు తొట్లు వచ్చాయి. నీరు సుడి తిరుగుతూ గుడ్లను అడుగున పడనివ్వదు. పద్నాలుగు నుంచి ఇరవై గంటల్లో పిల్ల పొదుగుతుంది, మూడు రోజులు పొట్టకింది పచ్చసొన మీదే బతుకుతుంది. ఆపైన నర్సరీ చెరువు. కిలో బరువున్న తల్లి నుంచి లక్షకు పైగా గుడ్లు వస్తాయి కనుక, ఒక్క రాత్రి పంట ఎన్నో చెరువులకు సరిపోతుంది. తాడేపల్లిగూడెం దారిలోని బాదంపూడిలో ప్రభుత్వ చేపపిల్లల క్షేత్రం ఉంది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పిల్లలు ఈ దారుల వెంట ప్రయాణిస్తాయి. 1970లలో సహకార సంఘాలకు కొల్లేటిలో చెరువులు తవ్వించారు. ఆ తర్వాత వరిచేలూ చెరువులయ్యాయి. ఇక్కడి రైతులు సొంతంగా ఒక ఉపాయం కనిపెట్టారు. పిల్లలను ఏడాది పాటు ఇరుకు చెరువులో, కొద్దిపాటి మేతతో, ఎదుగుదల అణచి ఉంచుతారు. నూరు గ్రాములు దాటిన ఆ పిల్లలను పెద్ద చెరువులోకి మార్చగానే వేగంగా బరువెక్కుతాయి. దేశానికి ఆంధ్రా చేపను పరిచయం చేసింది ఈ నేర్పే.

ఇంత విద్య చేతికొచ్చినా, దాని ఫలం చెరువులకే దక్కింది, సరస్సుకు దక్కలేదు. కొల్లేటి సొంత సంతానం కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, బొమ్మిడాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర పక్షుల అభయారణ్యం ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టించారు. పక్షులకు ఇంత చట్టం ఉంది. నాటు చేపల సంతతి గురించి ఇంత పట్టింపు ఎన్నడూ కనిపించలేదు. పక్కన తెలంగాణ 2016 నుంచి చెరువుల్లో, జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. ప్రజల నీటిలోకి హేచరీ పిల్లలను పంపడం మనకు కొత్తేమీ కాదు, కొల్లేటికీ ఆ పని చేయొచ్చు.

అయితే కొల్లేటిలో లెక్కకోసం పిల్లలు కుమ్మరిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. కొద్దిపాటి తల్లుల నుంచే పిల్లలు తీస్తే జాతి బలహీనపడుతుంది. బొచ్చె, శీలావతి కలిసిన సంకరాలు సరస్సులో పడితే అసలు జాతులే కలుషితమవుతాయి. పైగా కొర్రమీను జంట గడ్డి మధ్య గూడు సర్దుకుని, పిల్లలు చెదిరిపోయేదాకా కాపలా కాస్తుంది. ఆ గడ్డి అంచు లేకుంటే, వదిలిన పిల్లకు నిలువ నీడ ఉండదు. కాబట్టి తల్లిచేపలను కొల్లేటి నుంచే తేవాలి, ఏటేటా మార్చాలి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే కొత్తనీరు అడ్డులేకుండా సరస్సుకు చేరాలి. గట్లు కొట్టిన చోట తుంగ మొలవనివ్వాలి. హేచరీ విద్యలో ఇంత చేయి తిరిగిన సీమకు ఇది భారం కాదు. ఇన్నేళ్లు చెరువులను పోషించిన చేతులతోనే సరస్సునూ పోషించడం మన బాధ్యత. అందుకు తగిన క్షేత్రాలూ, పనివారూ కొల్లేటి చుట్టూనే ఉన్నారు.