విజ్ఞాన సర్వస్వాలు, వ్యాపార సంస్థలు: ఆధార విమర్శ

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
• తెలుగు విజ్ఞాన సర్వస్వానికీ వ్యాపార ధనానికీ ఉన్న పాత సంబంధం
• స్వచ్ఛంద సంపాదకులు రాసే వికీపీడియాను సంస్థలు తమ ప్రచారానికి వాడుకొన్న తీరు
• స్థానిక చరిత్ర రచనలో అటువంటి వ్యాసాన్ని ఆధారంగా ఎంతవరకు స్వీకరించవచ్చన్న విషయం

పరిచయం

చీరాల చేనేత పరిశ్రమపై మీరు ఒక ప్రాజెక్టు వ్యాసం రాయాలనుకొన్నారనుకోండి. ముందుగా ఫోన్ తీసి వెతుకుతారు. మొదట కనిపించే వాటిలో వికీపీడియా పేజీ ఒకటి ఉంటుంది. అందులోని వాక్యాలను నోట్సులో రాసుకొంటారు.

శాసనాలను చదివేటప్పుడు మనం ఇలా చేయం. దానిని వేయించినది ఎవరు, ఏ సందర్భంలో వేయించారు అని అడుగుతాం. ప్రశస్తిలో రాజుకు కట్టబెట్టిన దిగ్విజయాలన్నింటినీ నమ్మం. కైఫీయతులను చదివేటప్పుడు ఎవరు చెప్పగా ఎవరు రాశారని విచారిస్తాం. ఇదే ఆధార విమర్శ. ఇంటర్నెట్‌లోని విజ్ఞాన సర్వస్వానికి కూడా ఇది వర్తిస్తుంది. ఎందుకంటే ఈ కాలపు ప్రశస్తులు కొన్ని అక్కడే రాయబడుతున్నాయి.

విజ్ఞాన సర్వస్వం వెనుక ధనం

విజ్ఞాన సర్వస్వం పక్కన వ్యాపార ధనం కనిపించడం కొత్త కాదు. తెలుగులో ఆధునిక విజ్ఞాన సర్వస్వానికి పునాది వేసినవారు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. ఆయన తలపెట్టిన 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' పూర్తికాకుండానే 1923లో మరణించారు. తరువాత ఆ పనిని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు చేపట్టి, 1930లలో సంపుటాలను వెలువరించారు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారాన్ని ప్రారంభించినవారు. 1908లో 'ఆంధ్ర పత్రిక'ను స్థాపించినవారు కూడా ఆయనే. అంటే తలనొప్పి మందు అమ్మి సంపాదించిన వ్యక్తి విజ్ఞాన సర్వస్వానికి అండగా నిలిచారు.

దీనిని మనం తప్పుపట్టం. ప్రచురించినది ఎవరో పుస్తకం మీదే ఉంది. చదివేవాడు ఆ సంగతి తెలుసుకొనే చదువుతాడు. కాబట్టి అడగవలసిన ప్రశ్న "ధనం ఉందా?" అని కాదు, "ధనం కనిపిస్తోందా?" అని. ఈ తేడాను గుర్తుంచుకోండి.

స్వచ్ఛంద సంపాదకత్వం

వికీపీడియా 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైంది. దీనిని రాసేవారు జీతం తీసుకోరు. ఎవరైనా మారుపేరుతోనైనా రాయవచ్చు, ఇతరులు రాసినదాన్ని దిద్దవచ్చు. తటస్థంగా రాయాలి, రాసినదానికి మూలం చూపాలి అన్నవి ప్రధాన నియమాలు. వ్యాపార ప్రకటనలకు చోటు లేదు.

ప్రకటనలు లేని చోటు కావడమే వ్యాపారులను ఆకర్షించింది. గోడమీది పోస్టరును ఎవరూ పూర్తిగా నమ్మరు. విజ్ఞాన సర్వస్వంలోని వాక్యాన్ని మాత్రం అనుమానించకుండా చదువుతారు. తన మాటను ఆ వాక్యంగా మార్చుకోగలిగితే సంస్థకు అంతకు మించిన ప్రచారం లేదు.

మూడు ఘటనలు

1. భారతదేశంలో ఎక్కువగా చర్చకు వచ్చినది ఐఐపీఎం అనే మేనేజ్‌మెంటు విద్యాసంస్థ వ్యవహారం. ఇంగ్లీషు వికీపీడియాలో నిర్వాహక హోదా పొందిన ఒక వాడుకరి, ఆ సంస్థ గురించిన వ్యాసంలో విమర్శలను తగ్గించి, అనుకూల విషయాలను నిలబెట్టేలా ఏళ్ల తరబడి మార్పులు చేశాడన్న ఆరోపణలు వచ్చాయి. స్వచ్ఛంద సంపాదకుల మధ్యవర్తిత్వ సంఘం విచారణ జరిపి, 2015 ఫిబ్రవరిలో అతనిని నిషేధించింది. ఆ సంస్థ విశ్వవిద్యాలయం కాదని యూజీసీ అప్పటికే ప్రకటించి ఉంది. ఇక్కడ పణంగా ఉన్నది ఏమిటో ఆలోచించండి. అప్పు చేసి ఫీజు కట్టబోయే తల్లిదండ్రులు చేరేముందు చదివే పేజీ అది.

2. అమెరికాలో వికీ-పీఆర్ అనే సంస్థ, డబ్బు తీసుకొని ఖాతాదారుల కోసం వ్యాసాలు రాసిపెట్టేది. అనుమానాస్పదమైన 250కి పైగా ఖాతాలపై 2013లో చర్య తీసుకొన్నారు. ఒకే చేయి అనేక పేర్లతో రాస్తే, పలువురు ఏకాభిప్రాయానికి వచ్చినట్లు కనిపిస్తుంది. 2014 జూన్‌లో వికీమీడియా ఫౌండేషన్ తన నిబంధనలను మార్చింది. డబ్బు తీసుకొని రాసేవారు, ఎవరి కోసం రాస్తున్నారో బహిరంగంగా చెప్పి తీరాలి.

3. 2017 ఏప్రిల్‌లో బర్గర్ కింగ్ సంస్థ టీవీలో 15 సెకన్ల ప్రకటన వేసింది. అందులోని నటుడు వాపర్ బర్గర్ అంటే ఏమిటని గూగుల్‌ను అడిగాడు. ఆ మాట విన్న ఇళ్లలోని గూగుల్ పరికరాలు వికీపీడియా వ్యాసపు తొలి వాక్యాన్ని చదివి వినిపించాయి. అంతకు కొద్ది రోజుల ముందే ఆ వాక్యం ప్రకటన ధోరణిలోకి మారి ఉంది. ప్రకటన వచ్చాక ఆకతాయిలు అందులో హాస్యాస్పదమైన మాటలు చేర్చారు. చివరికి పేజీకి రక్షణ పెట్టవలసి వచ్చింది. వాక్యాన్ని వాడుకొన్నది కంపెనీ. దాన్ని బాగుచేసే శ్రమ స్వచ్ఛంద సంపాదకులది.

తెలుగు అనుభవం

తెలుగు వికీపీడియాకు ఒక పెద్ద సంస్థతో కలిగిన అనుభవం వేరు రకమైనది. గూగుల్ తన అనువాద ఉపకరణంతో ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాలను భారతీయ భాషలలోకి అనువదింపజేసింది. అరబిక్, గుజరాతీ, హిందీ, కన్నడ, స్వాహిలి, తమిళం, తెలుగు భాషలలో కలిపి 1.6 కోట్లకు పైగా పదాలు అనువదించినట్లు 2010లో ప్రకటించింది. 2011 జూన్‌లో గూగుల్ అనువాద సేవలో తెలుగు చేరింది.

ఈ సంస్థ తన సరుకును పొగుడుకోలేదు. కానీ ఏ వ్యాసం కావాలో నిర్ణయించడంలో జనం వెతికిన మాటల లెక్కలకు పాత్ర ఉంది. ఇంగ్లీషులో ఆదరణ పొందిన విషయాలు ముందు వచ్చాయి. కృతకమైన భాష, స్థానిక పాఠకులకు పట్టని విషయాలు అన్న విమర్శలను తమిళ వికీపీడియా సంపాదకులు 2010 వికీమేనియా సదస్సులోనే వినిపించారు. అనువాదాలను సరిదిద్దే భారం జీతం లేని సంపాదకులపై పడింది. చరిత్రకారుడు ఇక్కడ గమనించవలసినది ఇది: ఒక ఆధారంలో ఏమి రాశారన్నది ఎంత ముఖ్యమో, ఏది ముందు రాశారు, ఏది వదిలేశారు అన్నదీ అంతే ముఖ్యం.

చీరాలకు అన్వయం

ఇప్పుడు మీ ప్రాజెక్టుకు వద్దాం. ఇంగ్లీషు పేజీలను కాపలా కాసేవారు వేలమంది ఉన్నారు. చీరాల, వేటపాలెం వంటి ఊళ్ల తెలుగు పేజీలను చూసేవారు కొద్దిమందే. కాపలా తక్కువైన చోట ఒక్క వాక్యం ఏళ్ల తరబడి నిలిచిపోగలదు. చీరాల వస్త్ర వ్యాపారానికి తామే ఆద్యులమని ఒక దుకాణం రాసుకొందనుకోండి. దాన్ని ఒక విద్యార్థి ప్రాజెక్టులో ఎక్కిస్తాడు, ఒక పత్రిక వాడుకొంటుంది, తరువాత ఆ పత్రికే వికీపీడియాలో మూలంగా కనిపిస్తుంది. అప్పుడు మగ్గం మీద కూర్చున్న నేతగాళ్లు చరిత్రలోంచి తప్పుకొంటారు.

కాబట్టి మూడు పనులు చేయండి. మొదటిది, పేజీలోని 'చరిత్ర' విభాగం తెరవండి. ప్రతి మార్పూ తేదీతో, వాడుకరి పేరుతో అక్కడ ఉంటుంది. ఒక్క సంస్థ గురించి మాత్రమే రాసిన ఖాతాను అనుమానించండి. రెండవది, 'చర్చ' విభాగం చదవండి. మూడవది, మూలం సంస్థ సొంత ప్రకటనా, స్వతంత్ర ఆధారమా చూడండి.

స్వతంత్ర ఆధారం మీకు దగ్గరలోనే ఉంది. వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత తెలుగు పత్రికలకు పేరుపొందింది. ఒక పరీక్ష చేసి చూడండి. చీరాల 1970కి ముందు గుంటూరు జిల్లాలో, ఆ తరువాత ఒంగోలు (నేటి ప్రకాశం) జిల్లాలో ఉండేది. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. 1921 నాటి చీరాల-పేరాల ఉద్యమాన్ని ఏ జిల్లా కింద వెతకాలి? ఇది గమనించినవారికి పాత పత్రికలోని వార్త దొరుకుతుంది. గమనించనివారికి దొరకదు.

సారాంశం

విజ్ఞాన సర్వస్వానికి వ్యాపారులు సహాయం చేయడం నేరం కాదు. చేయి దాచుకొని రాయడమే పాఠకుణ్ణి మోసగిస్తుంది. వికీపీడియాలో మార్పుల చరిత్ర అందరికీ తెరిచి ఉంటుంది గనుక, అడిగేవాడుంటే ఆ చేయి బయటపడుతుంది. తెలుగు పేజీల విషయంలో అడిగేవారు తక్కువ. ఈ పాఠం చదివిన మీరు ఆ తక్కువమందిలో చేరాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్రశస్తి శాసనానికీ, సంస్థలు తమ గురించి రాయించుకొన్న వికీపీడియా వ్యాసానికీ గల పోలికలను వివరించండి.
2. నాగేశ్వరరావు పంతులు సహాయానికీ, వికీ-పీఆర్ పద్ధతికీ గల తేడా ఏమిటి?
3. మీ ఊరి గురించిన తెలుగు వికీపీడియా పేజీ మార్పుల చరిత్రను పరిశీలించి, ఆధారం లేని మూడు వాక్యాలను గుర్తించండి. వాటికి ఆధారాలు ఎక్కడ దొరకవచ్చో రాయండి.