చొల్లంగి నుంచి యానాం దాకా: బస్సు దిగి నడవదగిన చరిత్ర

ఉద్యోగ విరమణ చేసిన ప్రతివారికీ డాక్టరు చెప్పే మొదటి మాట "రోజూ నడవండి" అని. మనలో చాలామంది ఆ మాట మన్నించి పార్కు చుట్టూ పది ప్రదక్షిణలు చేసి ఇల్లు చేరుతున్నాం. నడక ఎలాగూ తప్పదు గనుక, ఏడాదికొకటి రెండుసార్లయినా చరిత్ర ఉన్న నేల మీద నడిస్తే ఒంటికీ మంచిది, మనసుకూ మంచిది. కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డు అటువంటిది. దూరం సుమారు 30 కిలోమీటర్లు. సొంత కారు అక్కరలేదు. కాకినాడ కాంప్లెక్సులో యానాం బస్సో, అమలాపురం బస్సో ఎక్కి, కావలసిన చోట దిగి, తీరిగ్గా నడిచి చూసి, వెనక వచ్చే బస్సు అందుకోవచ్చు. ఆ దారి చరిత్ర మన సభ్యుల కోసమూ, వారి పిల్లల కోసమూ క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

జగన్నాథపురం వంతెన

బస్సు ఊరు దాటక ముందే చరిత్ర మొదలవుతుంది. ఉప్పుటేరు వంతెన దాటితే జగన్నాథపురం. ఒకప్పుడు ఇది డచ్చివారి వర్తక స్థానం. వారు దీనిని 1825లో ఇంగ్లీషువారికి అప్పగించారు. అప్పటికి ఈ తీరంలో పెద్ద రేవు కాకినాడ కాదు, దక్షిణాన ఉన్న కోరంగి. ఆ కోరంగి వెనుకబడి కాకినాడ ఎలా ముందుకు వచ్చిందో ముందు చెబుతాను.

చొల్లంగి: పాత కాలిబాట

తీరం వెంట నడక మనకు కొత్తగా వచ్చిన వేడుక కాదు. గోదావరి ఏడు పాయలై సముద్రంలో కలుస్తుందనీ, ఆ పాయలకు సప్తర్షుల సంబంధం ఉందనీ మన పెద్దల నమ్మకం. తుల్యభాగ సంగమం చొల్లంగి దగ్గర. పుష్య బహుళ అమావాస్యనాడు అక్కడ స్నానం చేస్తారు. దానినే చొల్లంగి అమావాస్య అంటాం. అక్కడ మొదలుపెట్టి ఒక్కొక్క సంగమంలో మునిగి, మాఘ శుద్ధ ఏకాదశికి, అనగా భీష్మ ఏకాదశికి, అంతర్వేది చేరడమే సప్తసాగర యాత్ర. పూర్వం కాలినడకనే వెళ్లేవారు. ఏరు అడ్డు వస్తే పడవ ఎక్కేవారు. సంతానం కోరి ఈ యాత్ర చేసిన దంపతుల కథలు కోనసీమలో ఇంటింటా వినబడేవి. ఈనాడు ఎక్కువమంది బస్సుల్లోనూ కార్లలోనూ ఈ యాత్ర చేస్తున్నారు. దారి మాత్రం అదే.

కోరంగి: ఉప్పెన తిన్న రేవు

చొల్లంగి దాటితే కోరంగి. ఈనాడు బస్సులోంచి చూస్తే కొబ్బరి చెట్లు, చెరువులు, నాలుగు దుకాణాలు కనిపిస్తాయి. రెండు వందల ఏళ్ల కిందట ఇక్కడ ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. దగ్గరలోనే ఇంజరం, నీలపల్లి గ్రామాల్లో ఈస్టిండియా కంపెనీవారు నేత బట్టల వర్తకం సాగించారు. మన సాలెలు నేసిన గుడ్డ ఈ రేవుల మీదుగానే సీమకు పోయింది.

1789 డిసెంబరులో వరుసగా మూడు ఉప్పెనలు వచ్చి కోరంగిని ముంచాయి. రేవులో ఉన్న ఓడలు గట్టు మీదికి కొట్టుకువచ్చాయి. సుమారు 20 వేల మంది పోయారని రాశారు. ఊరు మళ్లీ లేచి నిలబడింది. 1839 నవంబరు 25న మరొక తుఫాను వచ్చింది. ఈసారి కోరంగి పెద్ద రేవుగా మళ్లీ కోలుకోలేదు.

రెండవ ఉప్పెనలో 3 లక్షల మంది మరణించారని పుస్తకాల్లో ఒకరిని చూసి ఒకరు రాస్తూ వచ్చారు. జీవితమంతా ఫైళ్లతో గడిపినవాణ్ణి గనుక నాకు ఆ అంకె దగ్గర కలం ఆగుతుంది. మద్రాసు రాజధానిలో మొదటి పూర్తి జనాభా లెక్కలు 1871లో గాని జరగలేదు. బతికున్నవారి లెక్కే సరిగా లేని రోజుల్లో పోయినవారిని ఎవరు లెక్కపెట్టారు? అది అంచనాయే గాని లెక్క కాదు. అంకె తగ్గించినంత మాత్రాన దుఃఖం తగ్గదు. అసలు బాధ ఏమంటే, అంత పెద్ద అంకెలో ఒక్క కూలీ పేరు గాని, ఒక్క పల్లెవాని పేరు గాని మనకు దక్కలేదు.

ఆ తరువాతి పదేళ్లలోనే కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన బంగాళాఖాతపు తుఫానుల గూర్చి వ్యాసాలు రాసి, 1848లో అచ్చయిన తన గ్రంథంలో "సైక్లోన్" అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి దానిని తీసుకున్నాడు. సముద్రం ఊరి మీదికి పొంగి రావడానికి మనవాళ్లకు "ఉప్పెన" అనే మాట అప్పటికే ఉంది.

కోరంగిని దెబ్బ తీసినది ఉప్పెన ఒక్కటే కాదు. గోదావరి ఏటేటా తెచ్చిపోసే ఒండ్రుతో రేవు పూడిపోయింది. పెద్ద ఓడలు లోపలికి రాలేక కాకినాడ వైపు మళ్లాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు డెల్టా ధాన్యాన్ని పడవల మీద కాకినాడకు చేర్చాయి. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు ప్రత్తి ఎగుమతితో ఆ రేవు మరింత పెరిగింది. అదే ఒండ్రు, ఇసుక కలిసి కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ అనే పొడవాటి దిబ్బ అయింది. అది అలలను అడ్డుకొని రేవును కాపాడుతున్నది. ఒక రేవును పూడ్చిన మట్టే మరొక రేవుకు గోడ అయింది.

రంగం వెళ్లినవారు

కోరంగి రేవు పోయినా పేరు సముద్రాలు దాటింది. బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అన్నారు. మారిషస్‌లోనూ ఆ పేరు ఉండేది. కాకినాడ, విశాఖపట్నం మొదలగు రేవుల నుంచి స్టీమరెక్కి రంగూన్ చేరి, బియ్యపు మిల్లుల్లోనూ ఓడరేవులోనూ కూలి చేసిన తెలుగువారు అనేకులు. మన ఇళ్లలో ఆ ఊరిని "రంగం" అనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలపై దాడులు జరిగాయి. 1942లో జపాన్ సైన్యం బర్మాను ఆక్రమించినప్పుడు లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన స్వదేశం దారి పట్టారు. దారిలోనే ఒరిగిపోయినవారు ఎందరో. పెన్షను తీసుకుంటూ ఆరోగ్యం కోసం నడిచే మనం ఆ నడకను ఒక్కసారి తలచుకోవాలి.

మడ అడవి

కోరంగి దగ్గర రోడ్డు పక్కనే అటవీశాఖవారి అభయారణ్యం ప్రవేశద్వారం ఉన్నది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. టికెట్టు తీసుకొని లోపలికి వెళితే చెట్ల మధ్య నుంచి చెక్క వంతెన మీద నడవవచ్చు. కింద బురద, పక్కన ఏరు. ఆటుకు నీరు దిగుతుంది, పోటుకు ఎక్కుతుంది. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్లు పైకి లేచినవి వాటి వేళ్లే. బురదలో గాలి ఆడదు గనుక అవి పైకి వచ్చి ఊపిరి తీసుకుంటాయి. పొన్న చెట్టు కొమ్మల నుంచి కర్రలు ఊతం ఇచ్చినట్లు వేళ్లు దింపుతుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం గనుక పిల్లలను ఆకులు తెంపనీయవద్దు. బావురుపిల్లులు, నీటికుక్కలు ఇక్కడ ఉన్నాయి గాని పగటిపూట కనిపించడం అదృష్టం. కొంగలకు మాత్రం కొదవ ఉండదు.

ఈ అడవి పనిని మనం తక్కువగా చూడరాదు. వేళ్లూ మానులూ దట్టంగా ఉన్నచోట ఉప్పెన నీరు వేగం తగ్గుతుంది, ఒండ్రు నిలిచి నేల పెరుగుతుంది. గాలిని అది ఆపలేదు. సముద్రం మీద ఉన్నవాణ్ణి రక్షించలేదు. 1996 నవంబరు 6న ఈ తీరాన్ని కొట్టిన తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. వారిలో వేటకు వెళ్లిన మత్స్యకారులు చాలామంది. వంటచెరకు కోసమూ, రొయ్యల చెరువుల కోసమూ మడలు నరికిన రోజులవి. ఆ తరువాత ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊరివారు కలిసి పాడుపడ్డ చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు పారేటట్లు చేసి, మడ మొక్కలు నాటారు. ఆనాడు నాటిన మొక్కలు నేడు చెట్లు.

యానాం

చివరి మజిలీ యానాం. 30 చదరపు కిలోమీటర్ల చిన్న ఊరు. నేడు పుదుచ్చేరి పాలనలో ఉన్నది. 1954 దాకా ఫ్రెంచివారిది. చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తయింది. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చాక, బాల్య వివాహం చేయదలచినవారు ఇంగ్లీషు హద్దు దాటి ఇక్కడికి వచ్చి పెళ్లి జరిపించుకొని పోయేవారు. గౌతమి గట్టు మీద సాయంత్రం నడక హాయిగా ఉంటుంది. ఎదురుగా కనిపించే వంతెనకు బాలయోగిగారి పేరు పెట్టారు. అది లేనినాడు అవతలి ఎదుర్లంకకు పంటు మీదనే దాటేవారు.

వెళ్లదలచినవారికి

కార్తీకం వెళ్లాక మాఘం దాకా అనువైన కాలం. తుఫాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవాలి. ఉదయం తొలి బస్సులకే బయలుదేరి, అడవి ముందు చూసి, ఎండ ముదిరేలోగా యానాం చేరడం మంచిది. చెక్క వంతెన తడిసి ఉంటే జారుతుంది గనుక పట్టు ఉన్న చెప్పులు వేసుకోవాలి. షుగరు ఉన్నవారు చేతిలో తినేది ఉంచుకోవాలి. 60 ఏళ్లు నిండినవారికి ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉన్నది. వయసు తెలిపే కార్డు మరచిపోవద్దు.

చివరగా ఒక విన్నపం. 1839లో పోయినవారి పేర్లు మనకు దక్కలేదు. ఇప్పుడు వెతికినా దొరకవు. కాని రంగం వెళ్లిన తాతల, మేనమామల పేర్లు మన కుటుంబాల్లో ఇంకా కొందరి నోట ఉన్నాయి. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ పని, తిరిగి వచ్చారా లేదా అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. అక్షరం రాని పెద్దలుంటే మనుమల చేత రాయించండి. మనం ముప్పై, నలభై ఏళ్లు సర్కారు రికార్డులు రాసినవాళ్లం. ఇంటి రికార్డు ఒక్కటి రాయడం మనకు భారం కాదు.