గాలి బరువు తెలిసిన నాటి నుంచి

గాలికి బరువుందని మనిషి నమ్మడానికి వేల ఏళ్లు పట్టింది. 1640ల్లో ఇటలీలో టోరిసెల్లీ చేసిన ప్రయోగం చూడటానికి చిన్నదే. గాజు గొట్టం నిండా పాదరసం పోసి, పాదరసం ఉన్న తొట్టెలోనే బోర్లిస్తే, అది కొంత జారి సుమారు 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచిపోయింది. తొట్టెలోని పాదరసాన్ని బయటి గాలి నొక్కుతూ ఉండటం వల్లే గొట్టంలోది నిలబడిందని ఆయన తేల్చాడు. వాతావరణ శాస్త్రానికి ఇంతకంటే గట్టి పునాది నాకు కనిపించదు.

రుజువు మాత్రం ఫ్రాన్సులో దొరికింది. పాస్కల్ కోరిక మీద ఆయన బావ పెరియే 1648 సెప్టెంబర్ 19న క్లెర్మాంలో రెండు గొట్టాలు సిద్ధం చేశాడు. రెండింట్లోనూ పాదరసం ఒకే ఎత్తున ఉందని చూసుకుని, ఒకదాన్ని మఠం తోటలోనే ఉంచి, రోజంతా కనిపెట్టుకుని ఉండమని ఒక సన్యాసికి అప్పగించాడు. రెండోదాంతో పుయ్ ద డోమ్ కొండెక్కాడు. శిఖరం మీద పాదరసం సుమారు 8 సెంటీమీటర్లు తగ్గింది. తోటలోది రోజంతా కదల్లేదు. నెత్తిన ఉన్న గాలి తగ్గేకొద్దీ పీడనమూ తగ్గుతుందని తేలిపోయింది. కింద వదిలిన ఆ గొట్టమే ఈ ప్రయోగానికి ప్రాణం. అది లేకుంటే, ఆ పూట వాతావరణమే మారిందేమోనన్న అనుమానం మిగిలేది.

గాలి ఎందుకు వీస్తుంది? 1686లో హ్యాలీ ఋతుపవనాల పటం గీసి, ఎండ వేడికి గాలి పైకి లేచిన చోటికి చుట్టుపక్కల గాలి వచ్చి చేరుతుందన్నాడు. 1735లో హ్యాడ్లీ దానికి భూభ్రమణాన్ని జోడించాడు.

ఆ తర్వాత కథ మన తీరానికి వచ్చింది. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ ఓడల లాగ్ బుక్కులు ముందేసుకుని తుఫాను గాలులు సుడి తిరిగే తీరును వివరించాడు. సైక్లోన్ అని పేరు పెట్టిందీ ఆయనే. 1789లో గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగిని ముంచిన ఉప్పెన గురించి కూడా ఆయన రాశాడు. 1864లో కలకత్తా, మచిలీపట్నం రెండూ తుఫానులకు బలయ్యాయి. వెంటనే 1866లో కరవు. ఆ దెబ్బల మీదే 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది.

పైకి వెళ్లేకొద్దీ చలి పెరుగుతూనే ఉంటుందన్న నమ్మకాన్ని 1902లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త టెస్రాన్ ద బోర్ బెలూన్లు పడగొట్టాయి. ఫ్రాన్సు ఆకాశంలో దాదాపు 11 కిలోమీటర్ల పైన ఉష్ణోగ్రత తగ్గడం ఆగిపోయింది. మేఘాలు, వానలు, తుఫానులు దాదాపు అన్నీ ఆ హద్దుకు దిగువ పొరలోనే.

ఇంత తెలిసినా 1977 నవంబర్ 19న దివిసీమలో సుమారు పదివేల మంది ఉప్పెనలో కొట్టుకుపోయారు. ఆనాటికే ఉపగ్రహాలున్నాయి. హెచ్చరిక మాత్రం పల్లె గడపకు అందలేదు. అది శాస్త్రం లోటు కాదు, కబురు అందించే ఏర్పాటు లోటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకేటప్పుడు దాని కేంద్రంలో పీడనం సుమారు 950 హెక్టాపాస్కల్స్. సముద్రమట్టం దగ్గర సగటున ఉండేది 1013. నగరం ఛిద్రమైంది గానీ, ముందే జనాన్ని తరలించడంతో దివిసీమ నాటి ప్రాణనష్టం జరగలేదు.

తుఫాను ఎటు వెళ్తుందో ఇప్పుడు రోజుల ముందే చెప్పగలుగుతున్నారు. బంగాళాఖాతంలోని ఒక వాయుగుండం రాత్రికి రాత్రే ఎంత బలపడుతుందో చెప్పడం మాత్రం నేటికీ కష్టమే.