రాజమహేంద్రవరమున చరిత్రశాల, చిత్రశాల

రాజరాజనరేంద్రుడు ఏలిన పురమనియు, నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు ఉపక్రమించిన చోటనియు విని మా ఊరికి వచ్చు యాత్రికుడు, కోటిలింగాల రేవున స్నానమాడి, మార్కండేయస్వామిని సేవించి, పిమ్మట రాజుగారి నగరు ఎక్కడనని అడుగుట కద్దు. ఇది చాళుక్యుల నాటిదని నిస్సంశయముగ వ్రేలు పెట్టి చూపుటకు మాకు గోడ యొక్కటియు లేదు. కోటగుమ్మమను పేరు మిగిలినది. పెద్దమసీదులో 1324 నాటి పారశీక శాసనము మిగిలినది. అంతకు పూర్వపు వైభవమంతయు రాళ్లమీదను రాగిరేకులమీదను అక్షరములై మాత్రమే నిలిచినది. కావున మా ఊరి చరిత్రను చూడగోరువారు వీధులలోగాక, గోదావరి గట్టుననున్న రాళ్లబండి సుబ్బారావు పురావస్తు ప్రదర్శనశాలలో చూడవలసియున్నది.

రాజరాజు పట్టాభిషేకమునకు 900 ఏండ్లు నిండిన 1922లో ఇచ్చటి విద్యావంతులు మహోత్సవము జరిపిరి. పందిరి విప్పుటతో ఉత్సవమును మరచుట మనకు వాడుకయే కాని, ఆ ఉత్సాహమునుండి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టినది. దానికి ప్రాణము పోసినవారిలో భావరాజు వేంకటకృష్ణారావుగారు న్యాయవాది, రాళ్లబండి సుబ్బారావుగారు ప్రభుత్వ కళాశాలలో చరిత్రోపన్యాసకులు. ఒకరికి కక్షిదారులు, ఒకరికి విద్యార్థులు. శాసన పరిశోధన ఇరువురికిని తీరిక వేళల తపస్సు. 1926 నుండి మండలి పత్రిక వెలువడినది. 1930లో సుబ్బారావుగారి సంపాదకత్వమున కళింగదేశ చరిత్ర వచ్చినది. మండలి కూడబెట్టిన విగ్రహములు, నాణెములు, శాసనములు, తాళపత్రములు 1967లో ప్రభుత్వాధీనమైనవి. శాలకు సుబ్బారావుగారి పేరు నిలిచినది.

లోనికి పోయినవారు శిల్పములయొద్ద నిలిచినంతసేపు తామ్రశాసనములయొద్ద నిలువరు. నా మట్టుకు నాకు ఆ రేకులే ఈ సంగ్రహమునకు జీవగఱ్ఱ. లిపి ఒరసికొని చెరగకుండునట్లు రేకు అంచులను కొంచెము ఎత్తుగ మలచి, ఎడమవైపున రంధ్రము చేసి, అన్నింటిని ఒక కడియమున గ్రుచ్చి, ఆ కడియపు కొనలను రాజముద్రలో పోతపోసి బిగింతురు. ముద్రను పగులగొట్టకయో కడియమును కోయకయో ఒక రేకును తీసి మరియొకటి చేర్చుట అసాధ్యము. కూటలేఖకుల చేతివాటమునకు ఆనాటి ప్రభువులు కనిపెట్టిన విరుగుడిది. తూర్పు చాళుక్యుల ముద్రపై వరాహము, అంకుశము, సూర్యచంద్రులు, నడుమ శ్రీత్రిభువనాంకుశ యను బిరుదము కాననగును. రాజరాజు శకవర్షము 944లో పట్టాభిషిక్తుడయ్యెనని మనకు తెలిపినది కోరుమిల్లి శాసనము. నన్నయ స్వయముగ రచించిన నందంపూడి శాసనము, ఆయన నేస్తమైన నారాయణభట్టునకు రాజు ఒసగిన అగ్రహారమును గూర్చినది. సంస్కృత శ్లోకములు సాగుచుండగా ఆ ఊరున్న సీమ పేరు మాత్రము రెండేరులనడిమి విషయమని అచ్చతెలుగున వచ్చును. నేటి కోనసీమవారికి ఆ పేరు విప్పి చెప్పనక్కరలేదు.

మండలి పుట్టిన దశాబ్దముననే, సుబ్బారావుగారు బోధించిన ప్రభుత్వ కళాశాల నీడనే, మరియొక సంపద సమకూడినది. కళాశాలాధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగ చిత్రకారుడు. దామెర్ల రామారావు చేతిలోని ప్రతిభను గుర్తించి బొంబాయి జె.జె. కళాశాలకు పంపినవాడాయనయే. అడివి బాపిరాజుగారును ఆయన శిష్యులే. రామారావు బొంబాయినుండి శరీరనిర్మాణ జ్ఞానమును, అజంతానుండి రేఖాలాలిత్యమును గ్రహించి, వంగదేశపు పొగమంచు వర్ణములకుగాని రవివర్మ నాటకరంగపు హంగులకుగాని లోబడక, గోదావరీతీరపు మనుష్యులను, కొండలను, ఎండను చిత్రించెను. సిద్ధార్థరాగోదయము, పుష్పాలంకరణము మున్నగు చిత్రములయందు స్త్రీమూర్తుల నిలుకడ చూడుడు: శిల్పి చెక్కినట్టి దార్ఢ్యము, అయినను కదలబోవునట్టి లాఘవము. 1925లో మశూచి ఆయనను గొనిపోవునాటికి 28 ఏండ్లు నిండలేదు. ఆయన స్థాపించిన చిత్రకళాశాలను మిత్రుడు వరదా వెంకటరత్నంగారు చాలకాలము నిర్వహించిరి. రామారావు చిత్రములు ఆయన పేరిటి చిత్రశాలలో నేటికిని ఉన్నవి.

రెండు శాలలును ఒకే తరమువారి పూనిక ఫలములు. అయినను ఒకదానికి వచ్చినవారిలో రెండవదానికి పోవువారు అరుదు. పుష్కరములకు దిగిన జనసమ్మర్దములో లక్షకొక్కడైనను ఈ గడపలు త్రొక్కునో లేదో! తప్పంతయు యాత్రికులది కాదు. తామ్రశాసనమని, ఫలానా శతాబ్ది అని రెండు మాటలు వ్రాసి విడిచిన, లిపి ఎరుగనివానికి అది మసిబారిన రేకే. శాసనములోని శ్లోకమొక్కటి నేటి లిపిలో, దాని క్రింద తాత్పర్యము, ప్రక్కన దత్తగ్రామపు ఎల్లలు చూపు పటము ఉంచవలెను. రెండేరులనడుమనుండి బడిపిల్లలను ఇచ్చటికి తోడి తెచ్చు ఉపాధ్యాయునకు ఆ పటమొక్కటి చాలును. తమ ఊరికి పొలిమేర ఏదో, దాదాపు వేయేండ్లనాడు అచ్చట ఏ చెరువు, ఏ చెట్టు గురుతుగ నుండెనో వారే వెదకికొందురు.