కువైట్‌లో మన వకీళ్ళకు చోటుందా?

"అన్నా, లా చదివినవాళ్ళకు కువైట్‌లో ఉద్యోగాలుంటాయా? జీతం ఎంతిస్తారు?" అని ఊరి నుంచి అడిగే తమ్ముళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి, నాకేం తెలుసు అని తప్పించుకోవచ్చు. కానీ ఈ ప్రశ్న వెనక దాదాపు వందేళ్ళ కథ ఉంది.

ముందు మాట సంగతి. వకీలు అనేది అరబ్బీ మాటే. ఒకరి తరఫున నిలబడేవాడని అర్థం. పారశీకం మీదుగా మన కోర్టుల్లోకి వచ్చింది. వకాల్తా కూడా దాని చుట్టమే. ఇక్కడ మాత్రం లాయరును 'ముహామీ' అంటారు. 'వకాలా' అంటే మనం పవరాఫ్ అటార్నీ అనే కాగితం.

మాట ఇటు నుంచి అటు వస్తే, చట్టం అటు నుంచి ఇటు వచ్చింది. 1899 ఒప్పందంతో కువైట్ బ్రిటిష్ వారి నీడలోకి వెళ్ళింది. 1925లో వచ్చిన ఒక రాజాజ్ఞతో ఇక్కడి విదేశీయుల తగాదాలు బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్ కోర్టుకు చేరాయి. అక్కడ చెల్లినవి ఇండియన్ పీనల్ కోడ్ లాంటి మన చట్టాలే. బజారులో చెల్లినది మన రూపాయే. అంటే ఆ రోజుల్లో మద్రాసులో చదివిన లా పుస్తకం ఈ ఎడారిలోనూ పనికొచ్చేదే!

తర్వాత అంతా మారిపోయింది. ఈజిప్టు న్యాయకోవిదుడు సన్హూరీ వచ్చి కువైట్‌కు కొత్త చట్టాలు రాయడంలో సాయపడ్డారు. 1961 ఏప్రిల్‌లో దీనారు వచ్చింది. జూన్ 19న స్వాతంత్ర్యం వచ్చింది. 1964లో న్యాయవాద వృత్తికి ప్రత్యేక చట్టం చేసుకున్నారు. ఇప్పుడు కోర్టు భాష అరబ్బీ. అక్కడ నిలబడి వాదించేది ముఖ్యంగా కువైటీలే. మనవాళ్ళు లా ఫర్ములలో, కంపెనీలలో లీగల్ కన్సల్టెంట్లుగా ఒప్పందాలు, ఇంగ్లీషు కాగితాలు చూస్తారు. ఉద్యోగం ఉంది, నల్లకోటు లేదు.

ఇందులో కువైట్‌ను తప్పుపట్టడానికేం లేదు. విదేశీ లాయర్లు మన దేశంలో ప్రాక్టీసు చేయడానికి వీల్లేదని 2018లో మన సుప్రీంకోర్టూ చెప్పింది. అసలు లాయరు సంపాదన ఎప్పుడూ తెలివి ఒక్కదాని మీదే నడవలేదు. ఏ కోర్టు మెట్లెక్కనిస్తారన్నది అంతకంటే ముఖ్యం. టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. మద్రాసు హైకోర్టులో వాదించాలంటే ఆ పట్టా చాలదు. ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చాకే మద్రాసులో డబ్బు వరదలా వచ్చింది. దాన్నీ స్వాతంత్ర్యోద్యమం కోసం వదిలేశారు, అది వేరే కథ.

ఇంటి దగ్గర జూనియర్ల పరిస్థితి తెలిసిందే. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జూనియర్ లాయర్లకు నెలకు 5,000 రూపాయలివ్వడం మొదలుపెట్టింది. 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్నాల్లో 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని సీనియర్లకు సూచించింది. అది సూచన మాత్రమే. అందుకే కుర్రాళ్ళ చూపు ఇటు పడుతోంది.

అయితే ఇక్కడ లాయరు అవసరం ఎవరికి ఎక్కువ? కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన అమ్మలకు, అక్కలకు. 2015లో వాళ్ళకోసం 68వ నంబరు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది కనీస జీతం 60 దీనార్లుగా ఖరారైంది. కంపెనీ కార్మికులకు 2010 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం కార్మికుడు వేసే దావాకు కోర్టు ఫీజు లేదు. కానీ ఉద్యోగం ముగిసిన ఏడాది లోపు వేయాలి. ఈ ఒక్క ముక్క తెలియక గడువు దాటితే, ఏళ్ళ కష్టం తాలూకు బకాయి చేజారుతుంది. కోర్టు ఫీజు లేకపోయినా లాయరు ఫీజు ఉంటుంది. ఆ లాయరుకు తెలుగు రాదు, ఈ మనిషికి అరబ్బీ రాదు.

కాబట్టి తమ్ముడూ, నా జవాబు ఇది. జీతం నువ్వు చేరే ఆఫీసును బట్టి, నీ అనుభవాన్ని బట్టి ఉంటుంది. రావాలనుకుంటే ముందు అరబ్బీ నేర్చుకో. కోర్టులో నిలబడనివ్వకపోయినా, కాగితం మీద ఏముందో చదివి తెలుగులో చెప్పగలిగితే, వకీలు అన్న మాటకు అసలు అర్థం నువ్వే అవుతావు.