మూడు నిమిషాల వెనుక డెబ్బై ఏళ్ళు

కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయి దగ్గరకు అమెరికా వెళ్ళినప్పుడు చూసిన ఒక దృశ్యంతో ఈ వ్యాసం ప్రారంభిస్తాను. పక్కింటాయనకు వేట సరదా. ఒక ఆదివారం మధ్యాహ్నం కారు షెడ్డులో బల్ల వేసుకుని, విడిభాగాలుగా కొనుక్కున్న రైఫిల్‌ను బిగించుకుంటున్నాడు. అక్కడ అనేక రాష్ట్రాలలో ఇది అభిరుచి కింద చెల్లుతుంది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేయడం నేరం. మేము టీ తాగి, కబుర్లు చెప్పుకుని లేచేసరికి ఆయన పని పూర్తయింది.

తుపాకి సంగతి అటుంచండి. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఛార్జిమన్‌గా పదవీ విరమణ చేసిన నాకు ఆ బల్ల మీద ఒక వస్తువు లేకపోవడం వింతగా తోచింది. అక్కడ ఆకురాయి లేదు! స్టోర్సు నుంచి కొత్త బుష్షు వచ్చినా నాలుగు రుద్దులు రుద్దనిదే సరిగా కూర్చునేది కాదు మాకు. ఏ శిక్షణా లేని ఈయన ఒక పూటలో ఎలా బిగించగలిగాడు? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చదివిన చరిత్రను మిత్రులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

పూర్వం తుపాకి ఒక చేతిపని. ఒకరు గొట్టం సాగగొట్టేవారు, ఒకరు కర్ర చెక్కేవారు, మరొకరు నిప్పురవ్వ పుట్టించే 'లాక్' అనే యంత్రభాగాన్ని చేసేవారు. చివరకు పనివాడు ఒక్కొక్క ముక్కనూ ఆకురాయితో అరగదీసి, పక్క ముక్కకు సరిపోయేలా చేసేవాడు. అందుకే చూడటానికి ఒకేలా ఉన్న రెండు తుపాకుల మధ్య ఒక్క మర కూడా మార్చుకోవడానికి వీలుండేది కాదు. యుద్ధరంగంలో చిన్న ముక్క విరిగితే తుపాకి మొత్తం మూలన పడేది. మళ్ళీ పనివాడు దొరికేదాకా అది ఇనుప కర్రే.

ఈ ఇబ్బందిని తీర్చడానికి ఫ్రాన్సులో ఒనొరే బ్లాంక్ అనే నిపుణుడు పూనుకున్నాడు. 1785లో అమెరికా రాయబారిగా పారిస్‌లో ఉన్న థామస్ జెఫర్సన్ ఆయన పని చూడటానికి వెళ్ళాడు. యాభై లాకులను విప్పి, ముక్కలను అరలలో వేరువేరుగా పోసి ఆయన ముందుంచారు. జెఫర్సన్ న్యాయవాది, రాజకీయవేత్త. తుపాకి పనివాడు కాదు. అయినా చేతికందిన ముక్కను తీసుకుని తానే స్వయంగా కొన్ని లాకులు బిగించాడు. అన్నీ చక్కగా అమరిపోయాయి. ఆ సంగతి 1785 ఆగస్టు 30న స్వదేశానికి లేఖలో రాశాడు. మా పక్కింటాయనకు మూలపురుషుడు ఎవరంటే నేను జెఫర్సన్ పేరే చెబుతాను!

కానీ ఒక లాకు చేయడం వేరు, వేల తుపాకులు చేయడం వేరు. 1798లో ఎలి విట్నీ అనే ఆయన 10,000 తుపాకులు ఇస్తానని అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాడు. గడువు సుమారు రెండేళ్ళు. చివరి తుపాకి అప్పగించేసరికి 1809 వచ్చింది. ఈ మధ్యలో, 1801లో రాజధానికి వెళ్ళి, పెద్దల ఎదుట విడిభాగాలతో లాకులు బిగించి చూపించి మెప్పు పొందాడు. ఏకరూప భాగాల పద్ధతికి ఆద్యుడని ఒక శతాబ్దానికి పైగా పాఠ్యపుస్తకాలు ఆయనను కీర్తించాయి. 1960 నుంచి చరిత్రకారులు ఆయన తుపాకులను విప్పి చూస్తే, భాగాలు ఒకదాని బదులు మరొకటి సరిపోలేదు. ఏ ముక్క ఏ తుపాకిదో గుర్తుపట్టడానికి గుర్తులు కూడా కొట్టి ఉన్నాయి. పై అధికారులు వచ్చిన రోజున ఆఫీసు ఎలా మెరుస్తుందో మనకు తెలియనిదా!

అసలు పని చేసినవాడు జాన్ హాల్. 1819లో వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో 1,000 రైఫిళ్ళు తయారు చేసే ఒప్పందం మీద చేరాడు. యంత్రాలు తానే రూపొందించుకున్నాడు. భాగాలను సరిచూడటానికి అరవైకి పైగా గేజీలు వాడాడు. కొలతలన్నీ ఒకే ఆధార బిందువు నుంచి తీయాలన్నది ఆయన నియమం. ఒక కొలత చివర నుంచి మరో కొలత మొదలుపెడితే ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా పోగై, చివరకు ముక్క కూర్చోదు. ఈ ఒక్క మాట విలువ తెలియాలంటే లేత్ దగ్గర పదేళ్ళు నిలబడి ఉండాలి.

1826-27లో ప్రభుత్వ సంఘం వచ్చి, హాల్ చేసిన 100 రైఫిళ్ళను విప్పించి, భాగాలన్నీ కలగలిపి, కొత్త కర్రలకు బిగింపజేసింది. అన్నీ సరిపోయాయి. 1834 నాటికి కనెక్టికట్‌లో సిమియన్ నార్త్ చేసిన రైఫిళ్ళ భాగాలు కూడా హార్పర్స్ ఫెర్రీ రైఫిళ్ళకు సరిపోసాగాయి. రెండు వేరు ఊళ్ళు, రెండు వేరు కర్మాగారాలు, ఒకే కొలత! ఇంత సాధించిన హాల్ 1841లో కన్నుమూశాడు. ఆయన పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

ఈ మార్పు పనివారికి సుఖంగా జరగలేదు. తన పని తన వేళకు చేసుకునే నిపుణుడికి గేజీ వచ్చింది, దాని వెనుకే గడియారం వచ్చింది. 1842లో సైనికాధికారులు గంట ప్రకారం పనివేళలు పెట్టేసరికి హార్పర్స్ ఫెర్రీ కార్మికులు పని మానేశారు. కాలువలో పడవ కట్టించుకుని వాషింగ్టన్ వెళ్ళి, అధ్యక్షుడు టైలర్‌కే మొర పెట్టుకున్నారు. ఆయన నాలుగు మంచి మాటలు చెప్పి తిరిగి పనికి పంపించాడు. గడియారం అలాగే ఉండిపోయింది. వినతిపత్రాలు పట్టుకుని సచివాలయం మెట్లెక్కిన మన సంఘ సభ్యులకు ఈ కథ కొత్త కాదు.

ఇక మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలకు పనిచేసిన థామస్ బ్లాంచర్డ్ 1819లో వంకర టింకర కర్రను కూడా నమూనా ప్రకారం చెక్కే లేత్ కనిపెట్టాడు. తర్వాతి కొన్నేళ్ళలో తుపాకి కర్ర పనికోసం 14 యంత్రాల వరుస సిద్ధమైంది. 1853లో అమెరికా వచ్చిన ప్రసిద్ధ ఇంగ్లీషు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ అక్కడ గడియారం పట్టుకుని చూశాడు. కర్ర తయారీకి సుమారు 22 నిమిషాలు. సిద్ధమైన భాగాలతో పూర్తి తుపాకి బిగించడానికి 3 నిమిషాలు!

మరుసటి ఏడాది వచ్చిన బ్రిటిష్ సంఘం అంతటితో నమ్మలేదు. 1844 నుంచి 1853 దాకా ఏడాదికొకటి చొప్పున పది తుపాకులు ఏరి, విప్పించి, ముక్కలు కలిపేసింది. ఆపై తామే చేతికందిన ముక్క అందిస్తుంటే పనివాడు ఒక్క స్క్రూడ్రైవరుతో పదింటినీ బిగించేశాడు. పదేళ్ళ వ్యవధిలో ఎన్నో చేతులు చేసిన ముక్కలు అవి. ఆకురాయి అవసరం పడలేదు.

జెఫర్సన్ బిగించిన 1785 నుంచి లెక్కేస్తే ఇక్కడికి దాదాపు డెబ్బై ఏళ్ళు. ఆ మూడు నిమిషాల్లో బిగించినవాడి ప్రతిభ కొంతే. ముక్క ముక్కకూ గేజీ పెట్టి, తేడా ఉన్నదాన్ని పక్కన పడేసినవారి ఓపిక మిగిలినదంతా.

ఈ పద్ధతి తుపాకితో ఆగలేదు. బ్రిటన్ అమెరికా యంత్రాలు కొని లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో పెట్టింది. హార్పర్స్ ఫెర్రీలో పనిచేసిన జేమ్స్ బర్టన్‌ను ఇంజనీరుగా రప్పించుకుంది. 1857లో మన సిపాయిలు కొరకనన్న కొవ్వు తూటాలు ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌వే. ఆ కర్మాగారానికి భాగాలు సరఫరా చేసిన కంపెనీ ఆ పేరే పెట్టుకుని తర్వాత మోటారు సైకిళ్ళు చేసింది. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్ మీద మనలో ఎందరో డ్యూటీకి వెళ్ళారు. న్యూయార్క్ రాష్ట్రంలోని తుపాకుల కంపెనీ రెమింగ్టన్ 1873లో టైపు మిషన్ల తయారీకి ఒప్పుకుంది. జి.ఓ.లు, మెమోలు, మన పెన్షన్ కాగితాలు కొట్టిన ఆఫీసు టైపు మిషన్లకు తాత ఆ తుపాకుల షెడ్డులోనే పుట్టాడు. కుట్టు మిషను, సైకిలు కూడా ఆ వంశంలోనివే.

చంపడానికి పుట్టిన పనితనం బట్టలు కుట్టడానికి, ఉత్తరాలు రాయడానికి కూడా పనికొచ్చిందని సంతోషించాలో, బతుకుతెరువుకు కావలసిన కొలత కూడా ముందు యుద్ధం కోసమే నేర్చుకున్నామని బాధపడాలో తేల్చుకోవడం నా వల్ల కాలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు పక్కింటాయనకు ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఆయనకు విట్నీ పేరు చిన్నప్పటి నుంచీ తెలుసు. హాల్ పేరు అదే మొదటిసారి వినడం.

మిత్రులారా, మన శాఖల్లోనూ హాల్‌లు ఉండేవారు. లెడ్జరులో అణా తేడా వస్తే రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నవారు, గేజీ దాటిన ముక్కను అధికారి ఒత్తిడి చేసినా పంపనివారు. వారిలో కొందరు ఈ సంచిక చదవడానికి లేరు. ఉన్నవారైనా తమకు తెలిసిన అలాంటివారి పని గురించి రెండు పేజీలు రాసి సంఘానికి పంపాలని నా మనవి. ప్రదర్శన చేసినవారి పేర్లు ఎలాగూ నిలుస్తాయి. కొలత పట్టినవారి పేర్లు మనం రాస్తేనే నిలుస్తాయి.