పెద్దనాయిన, లినక్సు, మూడు మెనూలు

మొన్న కేతేపల్లి పోయినప్పుడు అటక మీద పాత సామాను సర్దుతుంటే ఒక సీడీ దొరికింది. అట్ట కవరు మీద ఉబుంటు అని ఉంది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2005 నుంచి 2011 దాకా అడ్రసు ఇస్తే చాలు, పైసా తీసుకోకుండా సీడీలు పోస్టులో పంపేవాళ్ళు. హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద నకిరేకల్ దాటాక వచ్చే మా ఊరికి కూడా వచ్చింది. పోస్టుమ్యాన్ "ఫారిన్ నుంచి ఏదో వచ్చింది" అని ఇంటిల్లిపాదినీ పిలిచి మరీ ఇచ్చాడు.

ఆ సీడీ చూడగానే మా పెద్దనాయిన, ఆయనకు నేను చేసిన నిర్వాకం గుర్తొచ్చాయి. అది అర్థం కావాలంటే ముందు కొంచెం చరిత్ర చెప్పాలి. ఓపిక పట్టండి.

లినక్సులో తెర మీద కిటికీలు గీసే పని అప్పట్లో ఎక్స్ విండో సిస్టమ్‌ది. అది 1984 లో ఎంఐటీలో పుట్టింది. ఇప్పటికీ పేరు వినిపించే ఎక్స్11 వచ్చింది 1987 లో. కానీ ఎక్స్ గీయడం వరకే చేస్తుంది. మెనూ ఎక్కడుండాలి, బటన్ ఎలా ఉండాలి అన్నది దానికి పట్టదు. దాంతో ప్రతి ప్రోగ్రాముదీ ఒక దారి. ఒకదాంట్లో నేర్చుకున్నది ఇంకోదాంట్లో పనికిరాదు. ఈ గందరగోళం భరించలేక మథియాస్ ఎట్రిచ్ అనే జర్మన్ విద్యార్థి 1996 అక్టోబరు 14న, మామూలు మనుషులు వాడుకునే డెస్క్‌టాప్ ఒకటి కడదాం రమ్మని పిలుపు ఇచ్చాడు. అదే కేడీఈ. అయితే దాని పునాది క్యూటీ లైసెన్సు అప్పట్లో పూర్తి స్వేచ్ఛా లైసెన్సు కాదు. అది నచ్చక మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా 1997 ఆగస్టులో గ్నోమ్ మొదలుపెట్టారు. 2000 లో క్యూటీ జీపీఎల్ కిందికి వచ్చింది గానీ అప్పటికే రెండు ఇళ్ళు లేచాయి, రెండూ నిలబడ్డాయి.

సరే, మామూలు మనుషుల కోసం అన్నారు. మామూలు మనిషికి ఇంగ్లీషు రాకపోతే?

తెలుగుకు అక్కడ రెండు గోడలు అడ్డం. మొదటిది అక్షరం. యూనికోడ్‌లో తెలుగుకు 1991 లోనే చోటు దొరికింది. కానీ అక్షరానికి నంబరు ఇస్తే సరిపోదు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం లోపల ఆరు కోడ్లుంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వీటిని కలిపి ఒత్తులు కిందా పక్కనా పేర్చే ఇంజను కావాలి. గ్నోమ్‌కు ఆ ఇంజను పాంగో. 2002 జూన్‌లో వచ్చిన గ్నోమ్ 2.0 నుంచి మెనూలు, బటన్లు అన్నీ దాని మీదే నడిచాయి. ఇక ఫాంట్లు. తిరుమల కృష్ణదేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు తయారు చేసి ఉచితంగా ఇచ్చారు. రెడ్‌హ్యాట్ వాళ్ళ లోహిత్ తెలుగు వచ్చింది. అక్షరం గోడ అట్లా కూలింది.

రెండో గోడ మాట. ప్రోగ్రాములోని ప్రతి ఇంగ్లీషు వాక్యమూ ఒక పీవో ఫైల్లో ఉంటుంది. దాని కిందే ఖాళీ లైను. ఆ ఖాళీలో తెలుగు రాయాలి. ఇలాంటివి వేలకు వేలు. హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్ళు 2005 లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. కాలేజీ పిల్లలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, కంపెనీ జీతం మీద చేసినవాళ్ళు, ఎవరెవరో కూర్చుని ఆ ఖాళీలు నింపారు.

ఆ అనువాదాలు చూసి మనం ఎంత నవ్వామో గుర్తుందా? ఫైలును "దస్త్రం" అంటార్రా బాబూ అని. నేనూ నవ్వినవాణ్ణే.

ఇక పెద్దనాయిన సంగతి. ఆయనకు తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే అలవాటు. ఇంగ్లీషు అక్షరం రాదు. నేను ఒక పాత కంప్యూటర్ ఇంట్లో పెట్టి, గ్నోమ్ 2 వేసి, భాష తెలుగు చేశాను. పైన మూడు మెనూలు వచ్చాయి: అనువర్తనములు, స్థలములు, వ్యవస్థ. "అనువర్తనములు" అన్న మాట దగ్గర ఆయన ఆగాడు. నాకూ దాన్ని నోటితో చెప్పడం కష్టమైంది. కానీ దస్త్రం దగ్గర ఆగలేదు! "పట్వారీ దగ్గర ఉంటుండె గదా, గుడ్డల కట్టి. గదే కదా?" అన్నాడు. ఫారసీ "దఫ్తర్" నుంచి నిజాం కచేరీల మీదుగా మా ఊళ్ళకొచ్చిన మాట అది. 1984 లో పట్వారీల వ్యవస్థ రద్దైనా మాట మాత్రం ముసలోళ్ళ నోట్లో బతికే ఉంది. మనకు నవ్వొచ్చిన మాట ఆయనకు తెలిసిన మాట, మనం మామూలుగా మింగేసిన మాట ఆయనకు కొరకరాని మాట. అనువాదం బాగుందా లేదా అని తేల్చాల్సింది ఇంగ్లీషు వచ్చిన మనం కాదని నాకు అప్పుడు తెలిసింది.

"స్థలములు" మెనూలో "పాటలు", "పెళ్ళి ఫోటోలు" అని రెండు ఫోల్డర్లు పెట్టాను. అనువర్తనములలో ఆటలు, అందులో పేకాట. వారంలో దారి పట్టేశాడు. పొద్దున పాటలు, మధ్యాహ్నం పేకాట, చుట్టాలొస్తే ఫోటోలు. నన్ను అడగడం మానేశాడు. ఆ చివరిది నాకు చాలా గొప్పగా అనిపించింది.

తర్వాత 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చింది. మూడు మెనూలూ పోయాయి. ఒక మూల నొక్కితే తెరంతా మారుతుంది, కావలసినదాని పేరు టైపు చేస్తే దొరుకుతుంది. చిన్న తెరలకు, చెయ్యి కీబోర్డు మీదే ఉండే మనలాంటి వాళ్ళకు అది బాగానే ఉంటుంది. నాకూ నచ్చింది. ఆ ఉత్సాహంలోనే ఊరికి పోయినప్పుడు పెద్దనాయిన కంప్యూటర్ కూడా అప్‌గ్రేడ్ చేసి, బస్సెక్కి వచ్చేశాను. ఆయన్ని ఒక్క మాట అడగలేదు.

నెల తర్వాత పోతే కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. "ఇల్లు గదే అంటివి బిడ్డా. దర్వాజ యాడున్నదో తెలుస్తలేదు" అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. మెనూ చదవమంటుంది, సెర్చ్ రాయమంటుంది. ఈ రెండూ ఒకటి కావు. తెలుగు చదవడం వచ్చిన లక్షల మందికి కంప్యూటర్‌లో తెలుగు రాయడం రాదు. రాయాలంటే ముందు ఐబస్ లాంటిది పెట్టుకోవాలి. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అయితే ఏ అక్షరం ఎక్కడుందో నేర్చుకోవాలి. ఆర్‌టీఎస్ అయితే తెలుగు రాయడానికి ఇంగ్లీషు అక్షరాలు రావాలి! యాప్‌ల బొమ్మలు పరిచిన తెర కూడా ఉంది, కాదనను. కానీ దానికి పోయే దారి, పేర్ల వరస రెండూ మారాయి. పైగా ఇంగ్లీషు వాక్యం ఒక్క ముక్క మారినా దాని పాత అనువాదం అనుమానాస్పదం అని పక్కకు పోతుంది, ఎవరైనా మళ్ళీ చూసేదాకా తెర మీద ఇంగ్లీషే కనబడుతుంది. గ్నోమ్ ఆర్నెల్లకోసారి కొత్తది వస్తుంది. అంటే ఆర్నెల్లకోసారి కొంత తెలుగు రాలిపోతుంది. మూసీ కాలువలో పూడిక లాంటిది. తవ్వేవాళ్ళు లేకపోతే నీళ్ళు చివరి పొలం దాకా రావు.

నా తప్పు దిద్దుకునే దారి అర్జెంటీనా నుంచి వచ్చింది. గ్నోమ్ 2 పోవడం ఇష్టం లేని ఒకాయన 2011 లోనే ఆ కోడ్‌ను తీసుకుని మాటే అని పేరు పెట్టి కొనసాగించాడు. అది వాళ్ళు తాగే ఒక టీ పేరు. కోడ్‌తో పాటు పాత అనువాదాలూ దాంట్లోకి వచ్చాయి. నేను అది వేసి ఇచ్చాను. మూడు మెనూలు మళ్ళీ పైన కనబడ్డాయి. దుప్పటి తీశారు. మదర్‌బోర్డు కాలిపోయేదాకా పెద్దనాయిన అదే వాడాడు.

మనకు డెస్క్‌టాప్ మారడం అంటే టీ తాగుతూ మాట్లాడుకునే కబుర్లు. ఉబుంటు 2011 లో యూనిటీకి పోయింది, 2017 లో తిరిగి గ్నోమ్‌కు వచ్చింది. ఒక పూట తిట్టుకుని ఇంకో పూటకు అలవాటు పడ్డాం. ఎందుకంటే మనం ఇంగ్లీషు పట్టుకుని ఎక్కడి నుంచైనా బయటపడగలం. ఆ తాడు లేనివాళ్ళకు మారిన ప్రతి మెనూ ఒక మూసిన తలుపే. ఇప్పుడు ఫోన్లకు యాప్‌లు రాస్తున్నవాళ్ళకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

అందుకే నాదొక మనవి. ఒక్క వారం మీ డెస్క్‌టాప్ భాష తెలుగు చేసి చూడండి. ఎక్కడ తట్టుకుంటారో రాసి పెట్టుకోండి. ఆ పీవో ఫైలు తెరిచి ఒక్క పది లైన్లు సరిచేయండి. సరిచేసే ముందు ఆ మాటలు మీ ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. నేను చెయ్యకుండా బస్సెక్కింది ఆ ఒక్క పనే.